మీకు తెలుసా? మూడోసారి ఎందుకు వద్దన్నారంటే...

అమెరికా అధ్యక్షుడు రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదన్న నిబంధన ఆ దేశ రాజ్యాంగంలో మొదటి నుంచీ ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. ఏడేళ్ల పదవి ఒక్కసారే ఇచ్చి, మళ్లీ పోటీకి వీల్లేకుండా చేద్దామన్న ఆలోచన 1787 నాటి ఫిలడెల్ఫియా సభలో గట్టిగానే నడిచింది. చివరికి నాలుగేళ్ల పదవికి, ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చన్న పద్ధతికి ఒప్పుకున్నారు. ఆ తర్వాత 160 ఏళ్లకు పైగా చట్టపరంగా ఏ హద్దూ లేదు. ఉన్నదల్లా ఆనవాయితీ.

ఆ ఆనవాయితీకి మూలం జార్జ్ వాషింగ్టన్. 1796లో మూడోసారి వద్దని తప్పుకున్నాడు. దాన్ని ఆయన సిద్ధాంతంగా చెప్పలేదు. వయసు మీదపడింది, మౌంట్ వెర్నన్‌లోని సొంతింటికి పోవాలనుకున్నాడు. సిద్ధాంతంగా మార్చింది తర్వాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్. 1807లో కొన్ని రాష్ట్రాల శాసనసభలు ఆయన్ను కొనసాగమని కోరాయి. రాజ్యాంగమో ఆచారమో ఎక్కడో ఒకచోట ఆపకపోతే, పేరుకు కొన్నేళ్ల పదవి చివరికి జీవితకాలపు పదవి అయిపోతుందని ఆయన బదులిచ్చాడు. ఈ విషయం మీద ఇంతకన్నా సూటైన వాదన నాకు కనబడలేదు.

తూటా వేగం తగ్గించిన ప్రసంగం

థియోడర్ రూజ్‌వెల్ట్ 1901లో, అప్పటి అధ్యక్షుడు మెకిన్లీ హత్యతో అధ్యక్షుడయ్యాడు. 1904లో సొంతంగా గెలిచిన రాత్రే మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. 1912లో ఆ మాట పక్కనపెట్టి కొత్త పార్టీ తరఫున బరిలోకి దిగాడు. అక్టోబరు 14న మిల్వాకీలో సభకు బయల్దేరుతుండగా ఒకడు తుపాకీతో కాల్చాడు. జేబులో మడిచిపెట్టుకున్న 50 పేజీల ప్రసంగ ప్రతి, కళ్లజోడు పెట్టే ఇనప డబ్బా తూటా వేగాన్ని తగ్గించాయి. ఛాతీలో తూటాతోనే వేదికెక్కి గంటకు పైగా మాట్లాడాడు. ఆ తూటా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. మూడోసారి అధ్యక్షుడు కావాలనుకునేవాళ్లను ఆపాలనే కాల్చానన్నాడు నిందితుడు. అతని మానసిక స్థితి సరిగా లేదని వైద్యులు తేల్చారు. ఎన్నికలో రూజ్‌వెల్ట్ ఓడిపోయాడు. తుపాకీ చేయలేని పని ఓటు చేసింది.

నాలుగుసార్లు గెలిచిన ఒకే ఒక్కడు

ఆనవాయితీని దాటి గెలిచింది మరో రూజ్‌వెల్ట్, ఫ్రాంక్లిన్. 1932, 1936, 1940, 1944. యుద్ధం ముంచుకొస్తుంటే అనుభవజ్ఞుణ్ని ఎందుకు మార్చాలన్న 1940 నాటి ఓటర్ల ఆలోచనను నేను తప్పుపట్టను. పరిమితి వద్దనేవారి చేతిలో ఉన్న అతి బలమైన ఉదాహరణ కూడా అదే. కానీ 1944లో ఏం జరిగిందో చూడాలి. ఆ ఏడాది మార్చిలో ఆయన్ను పరీక్షించిన నౌకాదళ వైద్యులు తీవ్రమైన రక్తపోటును, గుండె బలహీనతను గుర్తించారు. జనానికి చెప్పలేదు. ఆరోగ్యం బాగానే ఉందన్న మాట నమ్మి జనం ఓటేశారు. నాలుగోసారి ప్రమాణం చేసిన మూడు నెలల్లోపే, 1945 ఏప్రిల్ 12న ఆయన మరణించాడు. ఆ కుర్చీలోకి వచ్చిన ఉపాధ్యక్షుడు హారీ ట్రూమన్‌కు అణుబాంబు పథకం సంగతి అప్పటిదాకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు! పన్నెండేళ్లు ఒకే మనిషి పాలిస్తే, ఆయన లేని ప్రభుత్వాన్ని ఊహించలేనివాళ్లే చుట్టూ మిగులుతారు. వారసుణ్ని సిద్ధం చేయాలన్న తలంపే ఎవరికీ రాదు. నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే.

పదేళ్ల లెక్క

అమెరికా కాంగ్రెస్ 1947లో ఆమోదించిన 22వ రాజ్యాంగ సవరణ 1951 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఎవరూ రెండుసార్లకు మించి ఎన్నిక కారాదు. వరుసగా గెలిచినా, మధ్యలో విరామం వచ్చినా లెక్క ఒక్కటే. వేరొకరి పదవీకాలంలో రెండేళ్లకు పైగా పనిచేసినవారు ఒక్కసారే ఎన్నిక కావచ్చు. అంటే గరిష్ఠంగా పదేళ్లు. దీన్ని మార్చాలంటే ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మద్దతు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవడం అవసరం.

ఈ సవరణలో నాకు బాగా నచ్చిన వాక్యం వేరే ఉంది. అప్పుడు పదవిలో ఉన్న అధ్యక్షుడికి ఇది వర్తించదని అందులో రాశారు. ట్రూమన్ ప్రత్యర్థులైన రిపబ్లికన్లకు కాంగ్రెస్‌లో ఆధిక్యం ఉన్నా, ఆయన్ను దించడానికి దాన్ని వాడుకోలేదు. సవరణకు మొదట కట్టుబడాల్సి వచ్చింది ఆ రిపబ్లికన్ల సొంత నాయకుడు ఐసెన్‌హోవరే. లెక్క రెండా, ఒకటా అన్నదానికన్నా, ఆ లెక్కను ఎవరికోసం మారుస్తున్నారన్నదే నేను ముందు చూస్తాను.

ఆ కొలతతో చూస్తే రష్యాలో 2020 నాటి సవరణ పుతిన్ పాత పదవీకాలాలను లెక్కలోంచి తీసేసింది. ఆయన 2036 దాకా ఉండవచ్చు. చైనా 1982 నుంచి ఉన్న రెండు దఫాల నిబంధనను 2018లో ఎత్తేసింది. అనుకూలంగా 2,958 ఓట్లు, వ్యతిరేకంగా 2.

నినాదం ఇచ్చినవాడే

మెక్సికోలో పోర్ఫీరియో డియాజ్ 1876లో అధికారం పట్టింది, తిరిగి ఎన్నిక కారాదన్న నినాదంతోనే! మధ్యలో నాలుగేళ్లు మినహా 1911 దాకా కదల్లేదు. చివరికి ఫ్రాన్సిస్కో మడేరో అదే నినాదంతో ఆయన మీద తిరగబడ్డాడు. తర్వాత మాజీ అధ్యక్షుడు ఒబ్రెగాన్ కోసం నిబంధన సడలించారు. 1928 జులైలో గెలిచిన కొద్ది రోజులకే, ప్రమాణం చేయకముందే ఆయన హత్యకు గురయ్యాడు. అక్కడిప్పుడు అధ్యక్షుడికి ఆరేళ్లు, జీవితంలో ఒక్కసారే.

మరి మన రాష్ట్రపతి?

మనకు ఏ పరిమితీ లేదు. 57వ అధికరణం ప్రకారం ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చు. అయినా రెండుసార్లు ఎన్నికైంది బాబూ రాజేంద్రప్రసాద్ ఒక్కరే. మన తెలుగువారు వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి తలా ఒక్క దఫాతో ముగించారు. అసలు అధికారం ప్రధాని, మంత్రివర్గం చేతుల్లో ఉంటుంది. లోక్‌సభ విశ్వాసం పోతే వారు దిగిపోవాల్సిందే. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అధ్యక్ష పాలనలో ఆ వెసులుబాటు లేదు. అమెరికాలో ఇంతవరకు ఏ అధ్యక్షుణ్నీ సెనేట్ దోషిగా తేల్చి తొలగించలేదు. మధ్యలో దించే దారి అంత ఇరుకైనప్పుడు, చివరన ఒక గడువైనా గట్టిగా ఉండాలి.

అడ్డుపడ్డ కోర్టు

బుర్కినా ఫాసోలో 27 ఏళ్లు పాలించిన కంపావొరే 2014లో ఇంకోసారికి రాజ్యాంగం మార్చబోతే, జనం పార్లమెంటు భవనానికి నిప్పుపెట్టారు. ఆయన దేశం విడిచి పారిపోయాడు. కొలంబియాలో అంతదూరం పోలేదు. అధ్యక్షుడు అల్వారో ఉరిబె కోసం అక్కడ ఒకసారి రాజ్యాంగం మార్చారు. 2006లో ఆయన మళ్లీ గెలిచాడు. మూడోసారికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలనుకున్నప్పుడు, 2010 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం కుదరదంది. అప్పటికీ జనాదరణ బాగా ఉన్న నాయకుడాయన. తీర్పును అంగీకరించి ఆగస్టు 7న పదవి అప్పగించాడు.