చక్రం నట్టు మొరాయిస్తే...

రొంపిచెర్లకు సముద్రపు గాలి తగలదు. ఉప్పునీళ్లు చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక దాకా పోవాల్సిందే. అయినా ఈ చుట్టుపక్కల పంక్చర్ షాపుల్లో, తుప్పు పట్టి బిగుసుకుపోయిన వీల్ నట్లకు కొదవ లేదు. ఉప్పు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఎరువుల బస్తాలోంచి! పొలానికి చల్లే ఎర్ర పొటాష్ అసలు పేరు పొటాషియం క్లోరైడ్. సముద్రపు ఉప్పులో ఇనుమును తినే క్లోరైడే ఇందులోనూ ఉంది. బస్తా చిరిగి రాలిన గుండ, సాగర్ కుడికాలువ కింది పొలాల బురద కలిసి చక్రం గుంటలో పేరుకుంటే నట్టుకు తుప్పు తొందరగా పడుతుంది.

మరి పిడుగురాళ్ల సున్నం మాటేమిటి? తడి సున్నం ఇనుముకు శత్రువు కాదు, కాపలాదారు. స్లాబులోని చువ్వలు ఏళ్ల తరబడి నిలిచేది సిమెంటులో ఉన్న ఆ క్షారగుణం వల్లే. కానీ అల్యూమినియాన్ని మాత్రం అదే తడి సున్నం తినేస్తుంది. అలాయ్ వీల్స్ వేయించుకున్నవాళ్లు సున్నపు బట్టీల దారిలో వానలో వెళ్లొస్తే, బండి ఆ రోజే కడుక్కోవడం మంచిది.

తుప్పు పట్టిన నట్టు ఎందుకు కదలదు? ఇనుము తుప్పుగా మారితే రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బుతుంది. మరల మధ్య ఉండే సందు వెంట్రుకంత. అందులో ఉబ్బిన తుప్పుకు పోవడానికి చోటుండదు.

మీ కారు చక్రం, నట్లు ఎక్కే స్టడ్లకు వేలాడుతోందని అనుకుంటున్నారా? కాదు. బిగించినప్పుడు ఒక్కో స్టడ్డు రవ్వంత సాగి, దాదాపు 4 టన్నుల బలంతో చక్రాన్ని హబ్బుకు అదిమి పడుతుంది. నాలుగు స్టడ్లంటే 16 టన్నులు. చిన్న కారు బరువు చూస్తే ఒక టన్ను కూడా ఉండదు! ఇంకో విచిత్రం, పానాతో మనం వేసే బలంలో స్టడ్డును సాగదీయడానికి పనికొచ్చేది పదోవంతే. మిగతాదంతా రాపిడికే పోతుంది. అందుకే చాలా కంపెనీలు మరలకు గ్రీజు రాయొద్దంటాయి. రాపిడి తగ్గితే అదే పానా, అదే చెయ్యి స్టడ్డును అవసరానికి మించి లాగేస్తాయి.

చిన్న కార్ల నట్లకు కావలసిన బిగువు సుమారు 10 కిలోగ్రామ్-మీటర్లు. 30 సెంటీమీటర్ల పానా చివర 35 కిలోల బలం వేస్తే చాలు, అది వచ్చేస్తుంది. మనవాళ్లు చేసేదేమిటి? పానాకు మీటరు పొడవు పైపు తొడిగి దాని మీద ఎక్కి నిలబడతారు. 65 కిలోల మనిషి నిలబడితే 65 కిలోగ్రామ్-మీటర్లు, అంటే ఆరింతలకు పైగా! విప్పేటప్పుడు అలా చేస్తే స్టడ్డు తెగొచ్చు. బిగించేటప్పుడు అలా చేసినవాడి పాపం మాత్రం ఏ అర్ధరాత్రో అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద టైరు మార్చాల్సి వచ్చినవాడికి చుట్టుకుంటుంది.

అనుభవం ఉన్న మెకానిక్ చెవితో, చేత్తో పని చేస్తాడు. చక్రం నేల మీద ఉండగానే, జాకీ ఎత్తకముందే పానా వేస్తాడు. ముందు విప్పడు, రవ్వంత బిగిస్తాడు. టక్ మని తుప్పు పగిలిన చప్పుడు వినపడితే అప్పుడు వెనక్కి తిప్పుతాడు. పావు చుట్టు వెనక్కి, అరపావు ముందుకు, మళ్లీ వెనక్కి. మరల్లోంచి ఎర్ర పొడి రాలుతుంది. కిర్రుమంటూ వస్తుంటే భయం లేదు. చప్పుడు లేకుండా, పచ్చి కర్రను మెలిపెట్టినట్టు సాగుతూ తిరిగితే ఆపేస్తాడు. అక్కడ తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్డు.

1953లో అమెరికాలోని శాన్ డియేగోలో అట్లాస్ క్షిపణుల ఒంటికి తుప్పు పట్టకుండా తేమను తరిమే మందు ఒకటి తయారైంది. 40వ ప్రయత్నంలో కుదిరింది కాబట్టి డబ్ల్యూడీ-40 అన్నారు. మొరాయించిన నట్టుకూ దాన్నే కొడతారు. దొరక్కపోతే డీజిల్‌లో తడిపిన గుడ్డ రాత్రంతా నట్టుకు చుట్టి ఉంచినా చాలాసార్లు పని జరుగుతుంది. డీజిల్ పలచగా ఉండి సందుల్లోకి పాకుతుంది, పెట్రోలులా ఇట్టే ఆవిరైపోదు. బ్రేకు మీద మాత్రం చుక్క పడకూడదు.

గ్యాసు మంటతో కాల్చడం ఆఖరి అస్త్రం. టైరు ఉన్న చక్రం మీద ఆ పని అసలు చేయకూడదు. లోపల రబ్బరు కాలి ఆవిర్లు పుట్టి టైరు బాంబులా పేలిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి.

మారుతి నట్టు హ్యుందయ్‌కు పడుతుందా? రెండు స్టడ్లూ 12 మిల్లీమీటర్లే. కానీ ఒక్క చుట్టుకు మారుతి నట్టు 1.25 మి.మీ. జరిగితే, హ్యుందయ్ నట్టు 1.5 మి.మీ. జరుగుతుంది. డబ్బాలో దొరికిన నట్టును రెండు చుట్లు తిప్పి, ఆపైన బలవంతంగా ఎక్కిస్తే రెండింటి మరలూ పోతాయి. ఫోక్స్‌వ్యాగన్ పోలోకైతే ఈ గొడవే లేదు. దానికి స్టడ్లుండవు, బోల్టులే.

అమెరికాలో క్రిస్లర్ కంపెనీ 1970 ప్రాంతం దాకా ఎడమవైపు చక్రాలకు తిరగేసిన మర పెట్టేది. అక్కడ విప్పాలంటే మామూలుగా బిగించే దిక్కుకు తిప్పాలి. ఆ సంగతి తెలియనివాళ్లు ఎన్ని స్టడ్లు విరిచి ఉంటారో! మీ సైకిలు ఎడమ పెడల్‌కు ఇప్పటికీ ఆ మరే ఉంది.

కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల కొణతాలను, అంటే ఆయుధాలను, బయటికి తీసి పూజిస్తారు. మన కార్లకేమో దసరాకు పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. నన్నడిగితే, ఆ పూజకు ముందే ఒక్కో నట్టునూ విప్పి, మరలను వైరు బ్రష్‌తో తోమి తిరిగి బిగించడమే అసలైన ఆయుధపూజ. నట్టు పట్టేయడానికి తుప్పు ఎంత కారణమో, ఏళ్ల తరబడి ఎవరూ దాన్ని ముట్టకపోవడం అంత కారణం.

స్టడ్డు విరిగితే కారు అమ్ముకోనక్కర్లేదు. అది హబ్బులో గాళ్లతో గట్టిగా దిగగొట్టిన ముక్క, వెనక్కి తోసి కొత్తది వేయొచ్చు. సుత్తితో బాదితే బేరింగు దెబ్బతింటుంది కాబట్టి ప్రెస్సు ఉన్న షాపు నయం. చక్రం ఎక్కించాక నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడాలి. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లేసరికి ఆ దూరం వచ్చేస్తుంది, అక్కడ టీకి ఆగినప్పుడు చూసుకుంటే సరి.