రెప్పపాటులో కదిలే రాతిబొమ్మలు

‘డాక్టర్ హూ’ సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడనివాళ్లు నేరుగా ‘బ్లింక్’తో మొదలుపెట్టవచ్చు. ముందు కథ తెలియకపోయినా ఇబ్బంది లేదు. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలై, 1989లో ఆగిపోయి, 2005లో మళ్లీ వచ్చిన ఈ సీరియల్‌లో నాయకుడు కాలంలో ముందుకూ వెనక్కూ తిరగగల ‘డాక్టర్’. 2007 జూన్ 9న ప్రసారమైన ‘బ్లింక్’లో మాత్రం ఆయన కనిపించేది కొద్దిసేపే. కథంతా సాలీ స్పారో అనే అమ్మాయిది. ఆ పాత్ర వేసిన కెరీ మలిగన్ అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని నటి. స్టీవెన్ మొఫాట్ రాసి, హెట్టీ మెక్‌డొనాల్డ్ దర్శకత్వం వహించిన ఈ ఎపిసోడ్‌కు మరుసటి ఏడాది హ్యూగో పురస్కారం వచ్చింది. టీవీలో వచ్చిన సైన్స్ ఫిక్షన్‌లో ఇంత పొదుపుగా ఇంత భయపెట్టిన ఎపిసోడ్ ఇంకొకటి లేదని నా నమ్మకం.

సాలీ ఫొటోలు తీయడానికి ఒక పాడుబడిన ఇంట్లోకి వెళ్తుంది. ఊడిపోతున్న వాల్‌పేపర్ కింద గోడమీద ఏదో రాసి ఉంటుంది. చూస్తే అది తన పేరుతోనే, తనకే రాసిన హెచ్చరిక. రాసింది 1969లో! ఆ ఇంట్లో, చుట్టుపక్కల రెక్కలున్న దేవదూతల విగ్రహాలు ఉంటాయి. చేతులతో కళ్లు మూసుకుని ఏడుస్తున్నట్టు నిలబడి ఉంటాయి. ఎవరైనా చూస్తున్నంతసేపూ అవి రాళ్లే. చూపు తప్పినా, రెప్ప వాలినా కదులుతాయి. ఆ వేగం మనిషి ఊహకు అందదు. అవి చంపవు. తాకిన మనిషిని గతంలోకి విసిరేసి, ఆ మనిషి ఇక్కడ బతకవలసిన రోజుల శక్తిని తినేస్తాయి. సాలీ స్నేహితురాలు కాథీ అలా 1920లో హల్ పట్టణంలో తేలుతుంది. అక్కడే పెళ్లి చేసుకుని, ముసలిదై, చనిపోతుంది కూడా. ఆమె ఏనాడో రాసి పెట్టిన ఉత్తరాన్ని ఆమె మనవడు అదే రోజు అదే ఇంటికి తెచ్చి సాలీకి ఇస్తాడు.

ఈ ఎపిసోడ్‌లో విగ్రహాలు కదలడం మనకు ఒక్కసారి కూడా కనబడదు. దూరంగా ఉన్న విగ్రహం కొంచెంసేపటికి దగ్గరగా ఉంటుంది. కళ్లమీది చేతులు కిందికి వస్తాయి. నోరు తెరుచుకుని కోరలు బయటపడతాయి. ఈ మార్పులన్నీ షాట్‌కీ షాట్‌కీ మధ్యనే జరిగిపోతాయి. నేలమాళిగలో బల్బు మిణుకుమిణుకుమంటూ ఉంటే, వెలుగు వచ్చిన ప్రతిసారీ అవి ఒక అడుగు ముందుంటాయి. ఆశ్చర్యం ఏమిటంటే, పాత్రలెవరూ చూడకపోయినా, కెమెరా చూస్తే చాలు, అవి బిగుసుకుపోతాయి. అంటే చూస్తున్న మనం కూడా కాపలాదారులమే. ఆ బాధ్యత మనకు ఎవరూ చెప్పరు, అయినా కళ్లకు తెలిసిపోతుంది. చివరి పది నిమిషాల్లో నా కళ్లు మండాయి. ఎందుకని ఆలోచిస్తే, రెప్ప వేయడం మానేశానని అర్థమైంది. ఈ మంట వెనక ఉన్న శాస్త్రం చాలా ఆసక్తికరమైనది.

మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తారు. ఎందుకు వేస్తామని అడిగితే, కన్ను తడిగా ఉండడానికి అని బడిలో చెప్పారు. అది నిజమే, కానీ సగం నిజమే. కన్నీటి పొర చెదరకుండా ఉండాలంటే నిమిషానికి కొద్దిసార్లు రెప్ప పడితే చాలు. పసిపిల్లలు నిమిషానికి రెండు మూడు సార్లకు మించి వేయరు, వాళ్ల కళ్లు ఎండిపోవడం లేదు. 1920లలోనే ఎడింబరోలో ఎరిక్ పాండర్, కెనడీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొడి గాలిలోనూ తేమ నిండిన గాలిలోనూ మనుషుల రెప్పపాట్లు లెక్కపెట్టారు. పెద్ద తేడా రాలేదు. తేడా తెచ్చేది గాలి కాదు, మనసు ఉన్న తీరు అని వాళ్లు తేల్చారు.

మరి మిగిలిన రెప్పపాట్లు దేనికి? జపాన్‌లో తమామి నకానో బృందం ఈ ప్రశ్నను పట్టుకుని చాలా దూరం వెళ్లింది. 2009లో వాళ్లు కొందరికి ‘మిస్టర్ బీన్’ హాస్య దృశ్యాలు చూపించి, ఎవరు ఎప్పుడు రెప్ప వేస్తున్నారో నమోదు చేశారు. విడివిడిగా చూసినవాళ్లు కూడా చాలాసార్లు ఒకే క్షణాల్లో రెప్ప వేశారు. ఒక పని ముగిసిన చోట, ముఖ్యపాత్ర తెరమీద లేని చోట, చూసిందే మళ్లీ చూపిస్తున్న చోట రెప్పలు వాలాయి. కథ లేని దృశ్యాలు చూపించినప్పుడు ఈ పొంతన కనబడలేదు. కథను చెవితో మాత్రమే వినిపించినప్పుడూ కనబడలేదు. కళ్ల ముందు కథ నడుస్తున్నప్పుడు మాత్రం మెదడు, ఇప్పుడు కళ్లు మూసినా పోయేదేమీ లేదు అనిపించే చోటు వెతికి, వాక్యం చివర చుక్క పెట్టినట్టు అక్కడ రెప్ప వేస్తోంది.

2013లో అదే బృందం ఇంకో మెట్టు ఎక్కింది. స్కానర్‌లో పడుకోబెట్టి వీడియో చూపిస్తూ, రెప్ప పడిన క్షణంలో మెదడులో ఏం జరుగుతోందో చూశారు. బయటి దృశ్యం మీద శ్రద్ధ నిలిపే భాగాల పని కాస్త తగ్గింది. మనం ఏ పనీ లేకుండా ఆలోచనల్లో ఉన్నప్పుడు పనిచేసే భాగాలు ఆ క్షణానికి మేల్కొన్నాయి. రెప్పపాటంత సేపు తెరనే నల్లగా చేసి చూస్తే ఈ మార్పు రాలేదు. కాబట్టి ఇది చీకటి వల్ల వచ్చిన ఫలితం కాదు. రెప్పపాటు మెదడు తనకు తాను ఇచ్చుకునే విరామం.

సినిమా ఎడిటర్లకు ఇది అనుభవంలో తెలిసిన సంగతే. ‘ద కాన్వర్సేషన్’ సినిమా ఎడిట్ చేస్తున్నప్పుడు వాల్టర్ మర్చ్, తాను షాట్ కత్తిరించాలనుకున్న చోటే నటుడు జీన్ హాక్‌మన్ తరచుగా రెప్ప వేస్తున్నాడని గమనించాడు. ఒక ఆలోచన ముగిసిన చోట రెప్ప పడుతుందని ఆయన అప్పుడే ఊహించాడు. తర్వాత ఆ విషయం మీద పుస్తకమే రాశాడు.

‘బ్లింక్’ మన దగ్గర నుంచి లాక్కునేది సరిగ్గా ఈ విరామాన్నే. మొఫాట్ కథ రాసేనాటికి నకానో ప్రయోగాలు రాలేదు. అయినా ఆయన చేయి పడింది సరైన నరం మీదే. ఏ దెయ్యం కథలోనైనా పారిపోవచ్చు, దాక్కోవచ్చు, తలుపు గడియ పెట్టుకోవచ్చు. రెప్ప వేయకుండా ఉండడం మాత్రం మనిషి చేతిలో లేదు. నలదమయంతుల కథలో స్వయంవర మండపంలో నలుగురు దేవతలు నలుడి రూపంలో కూర్చుంటే, అసలు నలుణ్ని దమయంతి పోల్చుకున్న గుర్తుల్లో రెప్పపాటు ఒకటి. దేవతలు రెప్ప వేయరు, మనిషి వేయక తప్పదు. వేయక తప్పని ఆ పనినే ఈ కథ ప్రమాదకరం చేసింది.

రోజుకు ఎంతసేపు మనం కళ్లు మూసుకుని ఉంటామో ఒకసారి లెక్క వేయండి. నిమిషానికి 15 చొప్పున, మెలకువగా ఉన్న 16 గంటల్లో 14,400 రెప్పపాట్లు. ఒక్కొక్కటి సెకనులో ఐదో వంతు అనుకుంటే 48 నిమిషాలు. ఇంచుమించు ఈ ఎపిసోడ్ నిడివి అంత! అన్నిసార్లు చీకటి కమ్ముతున్నా మనకు తెలియకపోవడానికి కారణం మెదడే. 2005లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు దీన్ని ఒక విచిత్రమైన ఉపాయంతో చూపించారు. ఆప్టికల్ ఫైబర్ నోట్లో పెట్టి, అంగిలి గుండా కంటి వెనక భాగం మీద వెలుగు పడేలా చేశారు. అలా చేస్తే రెప్ప మూసినా తెరిచినా లోపలికి వచ్చే వెలుగులో మార్పు ఉండదు. అయినా రెప్ప వేసిన క్షణంలో, చూపుకు సంబంధించిన మెదడు భాగాల స్పందన తగ్గింది. రెప్పకు ఆజ్ఞ ఇచ్చేటప్పుడే మెదడు చూపును కూడా కాస్త అణచివేస్తోంది. ఆ చీకటి మన దాకా రానివ్వదు. విగ్రహాలు కదిలేది ఆ దాచిన చీకట్లోనే.

ఉత్కంఠ సంగతికి వద్దాం. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లోనే 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెరమీద రాయి కనబడుతుంది. దాని కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టించే షాక్ తగులుతుంది. చెమట, కంటిపాప పెద్దది కావడం, వాళ్లు స్వయంగా చెప్పిన ఆందోళన, ఈ మూడూ కొలిచారు. షాక్ ఖాయమని తెలిసినప్పటి కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సరిసమానంగా అవకాశం ఉన్నప్పుడే ఆందోళన పరాకాష్ఠకు చేరింది. మిణుకుమనే ఆ బల్బు చేసే పని ఇదే. వెలుగు వస్తుందా రాదా, వస్తే విగ్రహం ఎంత దగ్గరుంటుంది? రెండువైపులా తూగుతున్న ఆ క్షణాన్ని దర్శకురాలు మళ్లీ మళ్లీ పుట్టిస్తుంది. ఒక్కసారిగా కేక పెట్టించడం తేలిక. ఇలా తూగించడానికి ఓర్పు కావాలి.

జార్జియా టెక్ పరిశోధకులు 2015లో ఇంకో సంగతి కనిపెట్టారు. ఉత్కంఠ సినిమాల దృశ్యాలను తెర మధ్యలో చూపిస్తూ, అంచుల చుట్టూ గళ్ల నమూనాను మెరిపించారు. ఉత్కంఠ పెరిగినకొద్దీ అంచుల దృశ్యానికి మెదడు స్పందన తగ్గి, మధ్యలో ఉన్న కథ మీద శ్రద్ధ బిగుసుకుంది. విగ్రహాలు ఒకటికి మించి ఉన్న గదిలో నిజంగా నిలబడ్డవాళ్లకు ఇది చాలా చెడ్డ వార్త.

అంతకన్నా చెడ్డ వార్త 1804లో స్విస్ వైద్యుడు ట్రాక్స్‌లర్ గమనించినది. చూపు కదలకుండా ఒకే బిందువు మీద నిలిపితే, పక్కన ఉన్న మసక ఆకారాలు కొద్ది సెకన్లలో కరిగిపోయి కనబడకుండా పోతాయి. కన్ను ఎప్పుడూ సన్నగా కదులుతూ ఉండబట్టే మనకు దృశ్యం నిలుస్తోంది. మసక వెలుతురులో ఒక బూడిదరంగు విగ్రహాన్నే గుడ్లప్పగించి చూస్తే, పక్కనున్న విగ్రహం మీ కళ్లముందే మాయం కావచ్చు. ఒక్క కన్ను మార్చి ఒక్క కన్ను మూసుకుంటే సరిపోతుంది కదా అని చాలామందికి తోస్తుంది. కొంతసేపు సరిపోతుంది. కానీ కన్ను ఎండడం మొదలయ్యాక రెండు రెప్పలూ కలిసి వాలకుండా ఆపడం చాలా కష్టం.

చూస్తే కదలకపోవడానికి కథలో డాక్టర్ క్వాంటమ్ కారణం చెబుతాడు. ఇది పూర్తిగా కల్పన కాదు. 1977లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న బైద్యనాథ్ మిశ్రా, కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్ కలిసి ఒక పత్రం రాశారు. అస్థిరంగా ఉన్న క్వాంటమ్ వ్యవస్థను మళ్లీ మళ్లీ, చాలా త్వరగా పరిశీలిస్తూ ఉంటే అది మారకుండా ఉన్నచోటే ఉండిపోతుందని గణితంతో చూపించారు. ఎగిరే బాణం ఏ క్షణాన చూసినా కదలనట్టే ఉంటుందని వాదించిన గ్రీకు తత్వవేత్త జీనో పేరు దానికి పెట్టారు. 1990లో అమెరికాలోని బౌల్డర్ ప్రయోగశాలలో దాదాపు 5,000 బెరీలియం అయాన్లను పట్టి ఉంచి దీన్ని పరీక్షించారు. 256 మిల్లీసెకన్ల పాటు రేడియో తరంగాలు పంపితే అయాన్లన్నీ ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారాలి. ఆ వ్యవధిలోనే లేజర్ మెరుపులతో 64 సార్లు పరిశీలిస్తే దాదాపు ఏవీ మారలేదు.

అయితే ఇక్కడ పరిశీలన అంటే మనిషి కన్ను కాదు, కాంతితో జరిగే చర్య. రాతి విగ్రహం మీద గాలి అణువులు, కాంతి కణాలు క్షణం తీరిక లేకుండా తగులుతూనే ఉంటాయి. మనం రెప్ప వేసినంత మాత్రాన ఆ పరిశీలన ఆగదు. శాస్త్రం దృష్టిలో ఈ కథలో బలహీనమైన చోటు ఇదే. కానీ కథలోపలి నియమంగా చూస్తే ఇంత బిగువైనది అరుదు. విగ్రహాలు కళ్లెందుకు మూసుకుంటాయో ముగింపులో తేలుతుంది. ఒకదాన్నొకటి చూసుకుంటే రెండూ శాశ్వతంగా రాళ్లే. డాక్టర్ కాలంలో తిరిగే నౌక చుట్టూ నిలిచిన నాలుగు విగ్రహాలు, నౌక మాయం కాగానే ఎదురెదురుగా కళ్లు తెరిచి దొరికిపోతాయి. ముందే చెప్పిన నియమంతోనే శత్రువును కట్టేయడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

రెప్ప వేయకపోవడం మనకు కథల్లోనే కాదు, రోజూ జరుగుతోంది. 1993లో జపాన్ వైద్యులు ఉద్యోగులను పరీక్షిస్తే, తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు, పుస్తకం చదువుతున్నప్పుడు 10 సార్లు, కంప్యూటర్ తెర చూస్తున్నప్పుడు 7 సార్లు మాత్రమే రెప్ప వేశారు. సాయంత్రానికి కళ్లు మండడానికి ఇదొక ముఖ్య కారణం.

‘బ్లింక్’ మీరు ఒకసారి చూసేశాక, ఎప్పుడూ చూడని స్నేహితులను పిలిచి మళ్లీ పెట్టండి. ఈసారి తెర మీద కాకుండా వాళ్ల కళ్ల మీద దృష్టి పెట్టండి. డీవీడీల దుకాణంలో మాటలు నడిచే చోట నిమిషానికి ఎన్నిసార్లు రెప్ప వేశారో, నేలమాళిగలో ఎన్నిసార్లు వేశారో లెక్కపెట్టండి. ఇద్దరు ముగ్గురు ఉంటే రెప్పలు ఒకే చోట వాలుతున్నాయేమో కూడా చూడండి. వాళ్ల అనుమతితో ఫోన్‌లో వీడియో తీసుకుంటే లెక్క ఇంకా తేలిక. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం పగటిపూట చూపించండి, పక్కనే కూర్చోండి.