మరపుకు మన్నింపు ఉంది

మెదడులో కణితి ఉన్నవారిలో కొందరికి పాత సంగతులన్నీ గుర్తుంటాయి, ఇందాకటి మాట నిలవదు. కణితి, మూర్ఛలు, రేడియేషన్ - వీటిలో ఏదైనా ఇందుకు కారణం కావచ్చు. చికిత్స ఏలూరులోనో విజయవాడలోనో జరిగినా, గుండుగొలను రోగికి రోజులు గడిచేది ఇంట్లోనే. అక్కడ "నమాజు చేశానా? ఎన్ని రకాతులయ్యాయి?" అన్న దిగులు మనిషిని కుంగదీస్తుంది.

మరచిన నమాజును గుర్తొచ్చినప్పుడు చేసుకోవాలన్నారు దైవప్రవక్త (స). రకాతుల్లో సందేహం వస్తే తక్కువ సంఖ్యనే లెక్కించి, మిగిలినవి పూర్తిచేసి, సహూ సజ్దా చేయాలి. మతి తప్పినవారికి తిరిగి తెలివి వచ్చేవరకు ఆ బాధ్యతే లేదు.

కనుక ఇంటివారు విసుక్కోకూడదు. మందు వేసుకున్నప్పుడు, నమాజు అయినప్పుడు క్యాలెండరులో గుర్తు పెట్టించాలి. ఇంట్లో ఒకరు ముందు నిలబడి జమాఅత్ చేయిస్తే లెక్క బెంగ ఉండదు. అల్లాహ్ మన్నించిన మరపును మనం నేరంగా ఎంచడం తగునా?