బొమ్మలు లేని ఆటలు, మరువరాని పాఠాలు

మీరొక పురాతన నగరానికి రాజు అనుకోండి. ప్రజలు 100 మంది. గాదెలలో 2,800 బుషెళ్ళ ధాన్యం, సాగుకు 1,000 ఎకరాల భూమి ఉన్నాయి. మనిషికి ఏడాదికి 20 బుషెళ్ళ తిండి కావాలి. రెండెకరాలకు ఒక బుషెల్ విత్తనం కావాలి. అందరికీ కడుపునిండా పెట్టి, భూమంతా విత్తితే మిగిలేది 300 బుషెళ్ళు. అందులోనూ ఎలుకలు పడితే? ఆ ఏడు పంట తగ్గితే?

'హమురాబి' అనే కంప్యూటరు ఆటలో మొదటి సంవత్సరం ఇది. ఇందులో బొమ్మలు లేవు, సంగీతం లేదు. ఉన్నవి అంకెలూ ప్రశ్నలే. దీనికి మూలం 1964లో అమెరికాలో మేబెల్ ఆడిస్ అనే ఉపాధ్యాయిని ఆరవ తరగతి పిల్లలకోసం రూపొందించిన 'సుమేరియన్ గేమ్'. 1970లలో డేవిడ్ ఆల్ 'హమురాబి'ని 'బేసిక్' భాషలోని ఆటల సంకలనంలో ప్రచురించాడు. కంప్యూటరు కొన్నవారు ఆ పుస్తకం ప్రక్కన పెట్టుకొని, వరుస తరువాత వరుస టైపు చేసి, తమ యంత్రానికి ఆట నేర్పేవారు.

తుపాకికి బదులు అక్షరాలు

1971లో మినియాపొలిస్ నగరంలో చరిత్ర బోధించే శిక్షణలో ఉన్న డాన్ రావిచ్, ఇద్దరు మిత్రులతో కలిసి 'ఆరెగాన్ ట్రెయిల్' తయారుచేశాడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఎడ్లబండ్లపై పడమటికి వలసపోయిన కుటుంబాల కథ అది. తిండికీ, బట్టలకూ, తూటాలకూ ఎంతెంత ఖర్చు పెట్టాలో పిల్లలే నిర్ణయించాలి. తొలి రూపాలలో వేటాడాలంటే తుపాకి మ్రోతను సూచించే మాటను తప్పులేకుండా, త్వరగా టైపు చేయాలి. ఆలస్యమైతే ఆ పూటకు వేట దక్కదు!

పాఠ్యపుస్తకంలో లెక్క తప్పితే ఎర్రసిరా గుర్తు పడుతుంది. ఈ ఆటలలో గాదె ఖాళీ అవుతుంది. తన నిర్ణయపు ఫలితం తనకే ఎదురుకావడంలోనే వీటి బోధనాశక్తి ఉంది.

మన బడులకు వచ్చిన యంత్రం

1984లో భారత ప్రభుత్వం 'క్లాస్' పథకాన్ని ప్రారంభించి, ప్రయోగాత్మకంగా 250 పాఠశాలలలో 'బి.బి.సి. మైక్రో' కంప్యూటర్లను ప్రవేశపెట్టింది. ఆ యంత్రపు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. అంటే 32,768 అక్షరాలకు మాత్రమే చోటు. బ్రిటన్‌లో దానికోసం వెలువడిన 'గ్రానీస్ గార్డెన్' (1983) అనే ఆటలో మంత్రగత్తె చెరనుండి రాజుగారి పిల్లలను విడిపించడానికి చిక్కుప్రశ్నలు విప్పాలి. అయితే అది ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలకే అందే వినోదం. మీటలపై ఉన్నవీ ఇంగ్లీషు అక్షరాలే.

కిరండూల్ నుంచి విశాఖకు

ఆరెగాన్ దారిలో బండి నడిపించిన సూత్రం మన దారులకు పనికిరాదా? ఛత్తీస్‌గఢ్‌లో బైలాడిలా కొండల క్రింద ఉన్న గనుల పట్టణం కిరండూల్‌ను చూడండి. అక్కడి ఇనుప ఖనిజం జగదల్‌పూర్, కోరాపుట్, అరకుల మీదుగా, సొరంగాలు దాటి, రైలులో విశాఖ రేవుకు చేరుతుంది. ఇక ఆట ఊహించండి: రేవులో ఓడ ఎదురుచూస్తున్నది, ఘాట్‌లో వానకు కొండచరియ విరిగింది, వ్యాగన్లు చాలవు. ఖనిజాన్ని గనివద్దనే నిలువ చేయాలా? ఓడ ఆలస్యానికి డెమరేజి చెల్లించాలా? ఒక్క ఆటలో భూగోళం, గణితం, వాణిజ్యం మూడూ ఇమిడిపోతాయి. కిరండూల్‌లోని తెలుగు కుటుంబపు బిడ్డకు అది తన ఊరి కథ కూడా.

'హమురాబి'కి పట్టినవి కొద్ది పుటలే. నేడు చేతిఫోనులోనే తెలుగు అక్షరాలున్నాయి. కావలసినది ఖరీదైన యంత్రం కాదు. తన ఊరి లెక్కను ప్రశ్నగా మలచగల ఉపాధ్యాయుడు.