మన జట్టుకు ఏమి కావాలి?

కోతలు పూర్తయిన తరువాత పొలం ఖాళీగా కనిపిస్తుంది. కాని రైతు మనసు ఖాళీగా ఉండదు. వచ్చే ఏటికి విత్తనం ఎక్కడ దొరుకుతుంది, ఎడ్లలో దేనికి వయసు మళ్లింది, గట్టు ఎక్కడ తెగింది అని లెక్కలు వేసుకుంటూనే ఉంటాడు. ఫుట్‌బాల్ అభిమాని కూడా అటువంటివాడే. పోటీలు ముగిసి, గోలు స్తంభాలకు కట్టిన వలలు విప్పి చుట్టపెట్టిన తరువాతనే అతని అసలు వ్యవసాయం మొదలవుతుంది. మన జట్టులో ఎవరు ఉంటారు, ఎవరు పోతారు, ఏ స్థానం బలహీనంగా ఉన్నది, వచ్చే ఏడు ఎంతవరకు నెగ్గుకు రాగలము? ఈ నాలుగు ప్రశ్నలతో ఎన్ని సాయంకాలాలు గడిచిపోతాయో ఆ రుచి తెలిసినవారికే తెలుస్తుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరులో ఈ నగరానికి శ్రీ విజయపురం అని నూతన నామకరణం జరిగిన సంగతి పాఠకులకు విదితమే) ఇటువంటి ముచ్చట్లకు వానాకాలమంత అనువైన కాలం మరొకటి లేదు. నైరుతి ఋతుపవనాలు కేరళ కంటె ముందుగానే, మే మాసం మధ్యకల్లా, అండమాన్ సముద్రాన్ని పలకరిస్తాయి. అప్పటినుండి మైదానాలు చెరువులను తలపిస్తాయి. ఓడల రాకపోకలు వాతావరణం దయ మీద ఆధారపడతాయి. మా కార్యాలయపు క్యాంటీనులో టీ గ్లాసుల చుట్టూ చేరిన మేము, ఫైళ్లను కాసేపు మరచి, జట్లను కూర్చటంలో నిమగ్నమవుతాము.

ఈ చర్చలకు ఒక ప్రత్యేకత ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో నూటికి 28 మందికి పైగా మాతృభాష బెంగాలీ. నూటికి సుమారు 13 మందికి తెలుగు. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థుల కుటుంబాలు ఇక్కడికి వచ్చి అడవులు కొట్టి, వరి పండించి స్థిరపడినాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి మనవారు ఓడలెక్కి వచ్చి చేపల వేటలోను, కూలి పనులలోను, వ్యాపారంలోను, ఉద్యోగాలలోను కుదురుకున్నారు. కనుక మా క్యాంటీను బల్లకు ఒక వైపు బెంగాలీ మిత్రులు, మరొక వైపు మేము. మధ్యలో వాడేది అండమాన్ హిందీ.

బెంగాలీ మిత్రులలో మళ్లీ రెండు వర్గాలు. కొందరిది 1889లో పుట్టిన మోహన్ బగాన్. మరికొందరిది 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్. 1911లో మోహన్ బగాన్ ఒక్కరికి తప్ప కాళ్లకు బూట్లయినా లేని ఆటగాళ్లతో, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు జట్టును 2-1 గోళ్లతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన కథను ఒక దాదా చెప్పటం మొదలుపెడితే, ఆ ఆటను తాను గట్టు మీద నిలబడి చూసినంత ధీమాగా చెబుతాడు! ఈస్ట్ బెంగాల్ గెలిచిననాడు ఇలీష్ చేప కూర, మోహన్ బగాన్ గెలిచిననాడు రొయ్యల కూర వండుకోవటం వారి సంప్రదాయం. ఇలీష్ అంటే మరేమీ కాదు, మన గోదావరి జిల్లాలవారు ప్రాణం పెట్టే పులసయే. ఆ మాట చెప్పినప్పటినుండి మా గోదావరి మిత్రులలో పలువురు ఈస్ట్ బెంగాల్ పక్షం వహించినారు.

పోటీలు లేని కాలపు ముచ్చట్లలో వారికి సాటి వచ్చేవారు లేరు. కలకత్తాలో ఆటగాళ్లు ఒక క్లబ్బునుండి మరొక క్లబ్బుకు మారటాన్ని 'దల్ బదల్' అంటారు. పూర్వం ఆటగాడు స్వయంగా ఐ.ఎఫ్.ఎ. కార్యాలయానికి వచ్చి సంతకం చేయవలసి ఉండేది. ఆ రోజు వచ్చేదాకా పేరుమోసిన ఆటగాడిని ప్రత్యర్థుల కంట పడకుండా రహస్య స్థలాలలో దాచేవారట. పెండ్లికొడుకును విడిదిలో పెట్టి కాపలా కాసినట్లు!

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని చివరకు ఒక దాదా మావైపు తిరిగి అడిగే ప్రశ్న మాత్రం మాకు ముల్లులా గుచ్చుకుంటుంది. "మా జట్ల సంగతి సరే, మీ తెలుగువారి జట్టు ఏది? దానికి ఏమి కావాలి?"

మొదట్లో మేము తడుముకోకుండా జవాబు చెప్పేవారము. "మీ జట్లకు ఆటగాళ్లను ఇచ్చినదే మేము" అనేవారము. అందులో అతిశయోక్తి లేదు. 1949 ప్రాంతాలలో ఈస్ట్ బెంగాల్ ముందు వరుసకు 'పంచ పాండవులు' అని పేరు. అహ్మద్ ఖాన్, వెంకటేశ్, సాలే, ధనరాజ్ సరసన ఐదవవాడు అప్పారావు. సికిందరాబాదు అమ్ముగూడలో ఆట నేర్చిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ చేరినాడు. హైదరాబాదునుండి 1966లో వెళ్లిన మహమ్మద్ హబీబ్ కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, అక్కడివారిచేత 'బడే మియా' అనిపించుకున్నాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమానంగా నిలిచినప్పుడు, ఆ రెండు గోళ్లలో ఒకటి హబీబ్‌ది. బలరాం, హబీబ్ ఇరువురూ 2023లో కన్నుమూశారు. ఆ రెండు సందర్భాలలోనూ మా క్యాంటీనులో బెంగాలీ మిత్రులే ముందుగా విచారం వెలిబుచ్చినారని చెప్పటం మా ధర్మం.

అయితే ఆటగాళ్లను ఇవ్వటం వేరు, జట్టు కలిగి ఉండటం వేరు. ఆ లోటు 2019లో తీరినట్లే తోచింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. మొదటి ఏడు 18 ఆటలలో రెండే గెలిచి, పది జట్లలో పదవ స్థానంలో నిలిచింది. ఆ విరామంలో మా చర్చలు చూడవలసినవి! రక్షణ పంక్తి మొత్తం మార్చాలని ఒకరు, విదేశీయులు దండుగని ఒకరు. 2020 ఆగస్టులో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశపు శిక్షకుడు వచ్చినాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రవాళ్లను నమ్మి ఆడించినాడు. జట్టు ఐదవ స్థానానికి ఎదిగింది. మరుసటి విరామంలో గోళ్లు కొట్టేవాడు కావాలన్న మా కోరిక ఎవరో విన్నట్లుగా, నైజీరియా దేశస్థుడు ఒగ్బెచె వచ్చి ఒకే ఏడు 18 గోళ్లు సాధించినాడు.

2022 మార్చి 20వ తేదీ మాకు మరపురానిది. చెన్నైనుండి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైన తరువాత, ద్వీపాలలో సెల్‌ఫోన్ మీద ఆట చూడటం సాధ్యపడింది. గోవాలో జరిగిన ఆ తుది పోటీని కాలనీలో ఒకే ఫోను చుట్టూ తలలు చేర్చి చూచినాము. కేరళ జట్టు ముందుగా గోలు చేసింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేసినాడు. పెనాల్టీలలో గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపినాడు. 3-1తో కప్పు మనది! మా కాలనీలో ఒక పిల్లవాడికి తండ్రి సెలవులో హైదరాబాదు వెళ్లి పసుపుపచ్చని జెర్సీ తెచ్చి ఇచ్చినాడు. ఆ పిల్లవాడు దానిని ఉతకనిచ్చేవాడు కాదు.

తరువాతి కథ క్లుప్తంగా చెప్పటమే మంచిది. 2022-23లో జట్టు రెండవ స్థానంలో నిలిచింది. ఆ వేసవిలో శిక్షకుడు గోవా జట్టుకు వెళ్లినాడు. జీతాల బకాయిలు పేరుకుపోయినాయి. కొత్త ఆటగాళ్లను చేర్చుకోరాదని ఫిఫా నిషేధం విధించింది. ఉన్నవారు ఒక్కొక్కరే వెళ్లిపోయినారు. 2023-24లో 22 ఆటలలో ఒకటే గెలిచి జట్టు అట్టడుగున మిగిలింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో దేశంలోని అగ్రశ్రేణి పోటీయే వాణిజ్య హక్కుల చిక్కులలో పడి వాయిదా పడింది. ఆ అక్టోబరులో క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది.

"మన జట్టు ఇప్పుడు ఎక్కడ ఆడుతుంది?" అని ఆ పసుపు జెర్సీ పిల్లవాడు మమ్ములను అడిగినాడు. అప్పటికి జెర్సీ పొట్టి అయిపోయింది. పదిమంది పెద్దలము ఉండి కూడా సమాధానం చెప్పలేకపోయినాము.

ఆనాటినుండి మా ఆలోచన కొంత మారింది. జట్టుకు ఏమి కావాలి అని అడిగినప్పుడు మేము ఇన్నాళ్లూ ముందు వరుసలో ఒకడు, వెనుక వరుసలో ఇద్దరు అని లెక్కించినాము. నెల తిరిగేసరికి జీతం అందటం, ఆటగాడు గాయపడితే చూచుకొనే దిక్కు ఉండటం, ఊరి పిల్లలు ఆడుకొనే మైదానం ఉండటం, ఊరు మారని పేరు ఉండటం కూడా జట్టు అవసరాలేనని గుర్తించలేదు. బెంగాలీ దాదాలు జట్టు ఓడినా నిశ్చింతగా వాదించుకోగలగటానికి కారణం ఇదే. వారు ఎవరు వస్తారు, ఎవరు పోతారు అని మాత్రమే బెంగపడతారు. జట్టు ఉంటుందా అని బెంగపడవలసిన అవసరం వారికి రాలేదు.

మనకు కూడా అటువంటి జట్టు ఒకప్పుడు ఉండేది. అది ఒక శాఖ ఉద్యోగుల జట్టు కావటం మనవంటి సంస్థలవారు గమనించదగిన విషయం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు రోవర్స్ కప్పు గెలిచింది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణానికి చేర్చినవాడు ఆయనే. బంతిని తన దగ్గర అట్టేపెట్టుకొనకుండా వెంటనే అందించవలసిన పోటీలు, అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలు ఆయన ప్రత్యేకంగా నిర్వహించేవాడు. డబ్బుతో కొనలేని ఆటగాడిని శిక్షణతో తయారుచేసుకొనే మార్గం అది.

ఇక మా కార్యాలయపు జట్టు సంగతి విన్నవించుకుంటాము. ఇక్కడ కూడా బదిలీల కాలం ఉన్నది. కాని అది క్లబ్బుల బదిలీ కాదు, హెడ్డాఫీసు బదిలీ! ద్వీపాలలో గడువు ముగిసిన ఉద్యోగికి ప్రధాన భూభాగానికి ఉత్తర్వులు వస్తాయి. ఇంటిల్లిపాది సంతోషిస్తారు. మేము మాత్రం ఆ ఉద్యోగి గోల్‌కీపరా, కాదా అని ముందుగా విచారిస్తాము. ఈ ఏడు ఒకే ఉత్తర్వులో మా గోల్‌కీపరు, ఎడమవైపు ఆడే మిత్రుడు ఇద్దరూ వెళ్లిపోయినారు. వారికి శుభాకాంక్షలు తెలిపి, ఓడ కనుమరుగయ్యేవరకు చేతులు ఊపి వచ్చి, అదే సాయంత్రం కొత్త జట్టు జాబితా రాయటానికి కూర్చున్నాము.

మా అవసరాలు ఇవి. మొదటిది గోల్‌కీపరు. రెండవది వెలుతురు. దేశమంతటికీ ఒకే గడియారం కనుక తూర్పున ఉన్న మాకు డిసెంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యుడు అస్తమిస్తాడు. డ్యూటీ ముగించుకొని మైదానం చేరేసరికి బంతి కనిపించదు. అందువలన ఉదయం ఐదున్నరకు అభ్యాసం చేయాలని తీర్మానించినాము. మూడవది ముందు వరుస ఆటగాడు. దీనికి మాత్రం రహీంగారి జకార్తా పాఠమే శరణ్యం. గాయపడి తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ఆయన ముందు వరుసకు పంపినాడు. ఆ రక్షకుడే 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియా మీద తుది పోటీలో రెండవ గోలు చేసినాడు. భారత్ 2-1తో గెలిచింది. కనుక మా వెనుక వరుసలో ఆడే స్టోర్సు మిత్రుని ముందుకు పంపాలని నిశ్చయించినాము. ఆయన ఇంకా అంగీకరించవలసి ఉన్నది.

నాలుగవ అవసరం అన్నిటికంటె ముఖ్యమైనది. ఉద్యోగులు వస్తారు, పోతారు. కాలనీ పిల్లలు ఎదుగుతారు. ఆదివారాలు వాన వెలిసినప్పుడల్లా పిల్లలకు ఆట నేర్పటానికి ఇద్దరు పెద్దలు వంతు వేసుకున్నాము. తల్లులు కూడా బురద బట్టల విషయంలో కాస్త ఓర్పు వహించవలసిందిగా ప్రార్థన.

మొదటి ఆదివారం పదకొండుమంది పిల్లలు వచ్చినారు. వారిలో తెలుగువారు, బెంగాలీలు, తమిళులు, ఒక నికోబారీ బాలుడు ఉన్నారు. మన పసుపు జెర్సీ పిల్లవాడు గోలులో నిలబడతానని తానే ముందుకు వచ్చినాడు. జెర్సీని వాళ్ల అమ్మ అంచు విప్పి పొడవు చేసింది. ఆ రోజు రెండు బంతులు ఆపినాడు, నాలుగు వదిలినాడు.

సాయంత్రం క్యాంటీనులో దాదా అలవాటుగా అడిగినాడు. "మీ జట్టుకు ఏమి కావాలి?"

"పిల్లవాడికి ఒక జత గ్లవ్సు కావాలి" అన్నాము. మరునాడు దాదా తన ఇంటినుండి ఒక పాత జత తెచ్చి బల్ల మీద పెట్టినాడు. వాటి మీద ఎరుపు, పసుపు రంగులలో ఈస్ట్ బెంగాల్ చిహ్నం ఉన్నది. మేము అభ్యంతరం చెప్పలేదు.