అనిశ్చితకాలములో ఇంటి పద్దు

పంట ఇల్లు చేరిన పిమ్మట మన పల్లెలలో ధాన్యమును మూడు తావులలో ఉంచెడివారు. రోజువారీ బియ్యము వంటింటి కుండలో, ఏడాది గ్రాసమునకు చాలిన వడ్లు గాదెలో, మిగిలినవి నేలలో త్రవ్విన పాతరలో. పాతరను చీటికిమాటికి తెరచెడివారు కారు. తెరచినచో చెమ్మ తగిలి గింజ చెడును. ఈనాడు సంపాదన రూపాయలలో వచ్చుచున్నను ఆ వివేకము పాతబడలేదు. ధరలు, ఉద్యోగములు నిలకడగా లేని రోజులలో గృహస్థు ఎంత వడ్డీ వచ్చునని అడుగుటకు ముందు, ఈ సొమ్ము నాకు ఎప్పుడు కావలసియుండునని అడుగవలెను.

మొదట కుండ సంగతి. ఒక కుటుంబమునకు నెలకు 30,000 రూపాయలు ఖర్చగుచున్నదనుకొందము. అద్దె, బియ్యము, పాలు, మందులు, బడి ఫీజులు తప్పనివి. తక్కినవి వాయిదా వేయదగినవి. ఈ రెండింటిని వేరువేరుగా మూడునెలలపాటు వ్రాసిచూడుడు. తప్పనివి 20,000 అని తేలినచో ఆరునెలలకు 1,20,000 అగును. ఇదియే గాదె. దీనిని సేవింగ్సు ఖాతాలోనో, స్వల్పకాలపు డిపాజిట్టులోనో ఉంచవలెను. వడ్డీ తక్కువయని చింతింపనక్కరలేదు. కావలసిననాడు చేతికందుటయే దాని ఫలము.

యాత్రలకు ఈ గాదెను ముట్టరాదు. వాటికి వేరుగా కూడబెట్టుకొనవలెను. అందులోను తిరుగు ప్రయాణపు ఖర్చును ముందే విడిగా కట్టిపెట్టుట మంచిది. 2020 మార్చి చివరి వారములో దేశమంతటను ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినప్పుడు, పరాయి ఊళ్లలో చిక్కుకొన్నవారికి దాని విలువ తెలిసివచ్చినది. రైల్వేవారే రైలును రద్దుచేసినచో టిక్కెట్టు సొమ్ము తిరిగివచ్చును. మనమే మానుకొన్నచో కోత తప్పదు.

బ్యాంకులో నున్న సొమ్ము ఎంతవరకు భద్రము? 1960 ఆగస్టులో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడగా డిపాజిటుదారులు తల్లడిల్లిరి. ఆ అనుభవము పిమ్మట 1962 జనవరి 1 నుండి మన దేశములో డిపాజిట్ల బీమా అమలులోనికి వచ్చినది. నాడు దాని పరిమితి 1,500 రూపాయలు. 1993లో లక్ష అయినది. 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలుగా పెంచబడినది. ఇది అసలు, వడ్డీ కలిపిన లెక్క. ఒకే బ్యాంకు నాలుగు శాఖలలో దాచినను ఒక్కటిగానే లెక్కింతురు. గ్రామములోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘమునందలి డిపాజిట్టుకు ఈ బీమా వర్తింపదు. చీటీ కట్టువారు అది రిజిస్టరైనదో కాదో ముందు విచారించుకొనవలెను.

ఇక పాతర. ధరలు ఏటేటా నూటికి 6 చొప్పున పెరిగినచో, 72ను 6చే భాగింపగా వచ్చిన 12 ఏండ్లలో అవి ఇంచుమించు రెట్టింపగును. కావున దూరపు అవసరములకైన సొమ్మంతయు తక్కువ వడ్డీలో నిద్రపుచ్చుటయు నష్టమే. అట్టి సొమ్ములో కొంత భాగమును వాటాలలో పెట్టవచ్చును. అయితే ఒక్కమాట. 2020 జనవరిలో బొంబాయి వాటాల సూచీ 42,000 దరిదాపుల నుండెను. మార్చి 23 నాటికి 26,000కు దిగజారెను. ఆ నవంబరుకెల్ల మరల పూర్వపు ఎత్తును అందుకొనెను. వేచియుండగలిగినవారు ఆ కుదుపును దాటిరి. ఏప్రిలులో కూతురి పెండ్లి పెట్టుకొని, అందులకైన సొమ్మును వాటాలలో ఉంచిన తండ్రి గతి ఏమగును? సూచీ ఒక్కటే, వారి అవసరములు వేరు. అయిదేండ్లలోపల కావలసిన సొమ్మును అక్కడ పెట్టరాదనుట ఇందుకే.

చివరకు, ఏ కాగితము ఎక్కడ నున్నదో, ఏ ఖాతాకు వారసునిగా ఎవరి పేరు వ్రాసితిమో ఆలుమగలు ఇరువురికిని తెలిసియుండవలెను. గాదె తాళపుచెవి ఒక్కరికే తెలిసినచో, ఆపదనాడు నిండుగాదె గల ఇంటిలోనే పస్తులుండవలసివచ్చును.