ఆకాశమల్లి... మన బెండు చెట్టు

భవానీపురం దగ్గర కృష్ణ ఒడ్డున గాలం వేసేవాళ్లకు బెండు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నీళ్లమీద తేలే ఆ బెండు మునిగిందంటే చేప పడినట్టే! పెళ్లి బాసికాలకు వాడే జీలుగు బెండూ మనకు తెలిసిందే. మరి సీసాలకు బిగించే కార్కు బిరడాలు ఎక్కడివి? అవి ఓ చెట్టు బెరడు!

ఆ చెట్టు పేరు కార్క్ ఓక్. ప్రపంచంలో తయారయ్యే కార్కులో దాదాపు సగం పోర్చుగల్‌దే. మొక్క నాటిన పాతికేళ్లకుగానీ తొలి బెరడు చేతికి రాదు. ఆపైన తొమ్మిదేళ్లకోసారి ఒలుస్తారు. మంచి బిరడాలు మూడో ఒలుపు నుంచే. అంటే తాత నాటితే మనవడు అనుభవించాలన్నమాట. చెట్టును మాత్రం నరకరు, బెరడు మళ్లీ పెరుగుతుంది. చలికాలం వానలు, పొడి వేసవి ఉన్నచోట పెరిగే ఈ చెట్టుకు మన డెల్టా వానలు, నల్లరేగడి చిత్తడి సరిపడవు.

అయితే మనకూ ఓ బెండు చెట్టు ఉంది. అదే ఆకాశమల్లి. కొందరు కాడమల్లి అంటారు. 'ఇండియన్ కార్క్ ట్రీ' అని దీనికి మరో పేరు. పగుళ్లిచ్చిన దీని బెరడును ఒకప్పుడు నాసిరకం కార్కుగా వాడేవారు. ఇప్పుడు దీన్ని పెంచేది మాత్రం పూలకోసమే. సాయంత్రం విచ్చుకుని రాత్రంతా గుబాళించే తెల్లటి పూలు తెల్లారేసరికి నేలంతా పరుచుకుంటాయి. పొడవాటి కాడలుంటాయి కాబట్టి దారం లేకుండానే జడలా అల్లుకోవచ్చు.

పెంచడం ఎలా?

మన దగ్గర ఈ చెట్టుకు కాయలు అరుదు. వేళ్లనుంచి లేచే పిలకల్ని వానాకాలంలో వేరుతో సహా తీసి నాటుకుంటే చాలు. కొమ్మలతోనూ పెంచొచ్చు. ఎండ బాగా తగలాలి. నీరు నిలవకూడదు. నల్లరేగడి అయితే గుంతలో కాస్త ఇసుక, పశువుల ఎరువు కలపాలి. మొదటి రెండు వేసవులూ తప్పకుండా నీళ్లు పోయాలి. ఆరు నుంచి ఎనిమిదేళ్లలో చెట్టు ఎదిగిపోతుంది.

చిక్కల్లా ఇక్కడే. అరవై అడుగులు దాటి నిటారుగా పెరిగే ఈ చెట్టుకు కలప పెళుసు. ఈదురుగాలికి కొమ్మలు విరిగిపడతాయి. ఇరుకు సందులో, కరెంటు తీగల కింద నాటితే ఏదో ఒకనాడు గొడ్డలి తప్పదు. అందుకే ఇంటిగోడకు ఇరవై అడుగుల దూరమైనా ఉండాలి. అంత చోటు లేనివాళ్లు పార్కులోనో, బడి ఆవరణలోనో అనుమతి తీసుకుని నాటడం మేలు. తుపాన్ల కాలానికి ముందే ఎండుకొమ్మల్ని తీయించాలి. గోడలవైపు వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు తుంచేయాలి.

గాలివానకు కొమ్మ విరిగితే చెట్టునే తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు చెట్టుది కాదు, మనం చూపించిన చోటుది. సరైన చోట నాటితే మాత్రం ఈ బెండు చెట్టు ఫలం కోసం మనవడి దాకా ఆగక్కర్లేదు. నాటిన తాతే తెల్లవారుజామున పూలు ఏరుకోవచ్చు!